చెయ్యి పైకి లేచేదాకా

ఆ ఊళ్లో ఎవరింట సీలింగుకు రంగు వేయించాలన్నా ముందు ఆ మేస్త్రీనే తలుచుకునేవారు. వయసు నలభై తొమ్మిది. అందులో ముప్పై ఏళ్లు మెడ వెనక్కి విరిచి, చెయ్యి నెత్తి మీదికెత్తి పనిచేయడంలోనే గడిచాయి. గోడా సీలింగూ కలిసే చోట ఒకదాని రంగు ఇంకోదాని మీదికి పాకకుండా టేపు అంటించడం ఆయనకు నామోషీ. కుంచె ఒక్కటి పుచ్చుకుని నిచ్చెనెక్కి, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా దారం పట్టి లాగినట్టు గీత తీసేవాడు. ఆ గీత చూసుకుని మురిసిపోవడమే ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం.

ఆయనకు తోడుగా పనిచేసేది భార్య తమ్ముడు. ఆ అబ్బాయికి ముప్పై ఆరు దాటినా ఇంట్లోవాళ్లకు ఇంకా అబ్బాయే. అతన్ని అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది బావగారే. నిచ్చెన ఎక్కేముందు నాలుగు కాళ్లూ తడిమి చూడందే అతను మొదటి మెట్టు మీద పాదం మోపడు. డబ్బా మూత తీసేముందు చుట్టూ గుడ్డతో తుడుస్తాడు.

“నువ్వు మూత తీసేలోపు లోపల రంగు ఎండిపోతుందిరా” అని మేస్త్రీ విసుక్కునేవాడు.

“మూత పెట్టే ఉంది కద బావా, ఎందుకు ఎండుతుంది?” అనేవాడు నిదానం, తుడవడం ఆపకుండానే.

ఇలా పదేళ్లుగా సాగిపోతున్న ఆ జంట పనిలోకి జబ్బు ఎప్పుడు జొరబడిందో మేస్త్రీకే తెలియదు. అది చెప్పాపెట్టకుండా వచ్చింది. మొదట చలి. అందరూ చొక్కా గుండీలు విప్పుకుని తిరిగే రోజుల్లో ఆయన స్వెట్టరు వేసుకుని పనికి బయల్దేరేవాడు. తరవాత గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూసీ మూయకముందే కళ్లు మూతలు పడేవి. ఇవన్నీ వయసు ఖాతాలో వేసేసి ఊరుకున్నాడు.

నొప్పులు మాత్రం ఊరుకోలేదు. భుజాల్లో మొదలై, నడుము దాటి, తొడల్లోకి దిగాయి. గంటసేపు చెయ్యి పైకెత్తి పనిచేస్తే ఆ చెయ్యి తనది కాదన్నట్టు బరువెక్కిపోయేది. పొద్దున లేవగానే పిక్కలు రాళ్లలా పట్టేసేవి. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, పళ్లు బిగించి, ఒక మూలుగు మూలిగి లేవాల్సి వచ్చేది. ఆ మూలుగు ఎవరికీ వినపడకుండా దగ్గుతో కప్పేసేవాడు. మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు కొనుక్కుని జేబులో పెట్టుకున్నాడు. అవి వేసుకున్న పూట కొంచెం నయమనిపించేది. మర్నాడు మళ్లీ మామూలే. ఆ బిళ్లలతో కడుపులో మంట మొదలైతే, దానికి ఇంకో మందు సీసా తెచ్చుకున్నాడు.

ఆయన భార్య కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. ఫ్రేములు బిగించడం, వదులు చేయడం, కాడలు చెవికి సరిపడేలా వంచడం ఆవిడ పని. ఒకరోజు సాయంత్రం మేస్త్రీ పేపరు చదువుతూ చదువుతూ అద్దాలు తీసి బల్ల మీద పడేశాడు.

“ఇవి మళ్లీ బిగుసుకుపోయాయి. కణతలు నొక్కేస్తున్నాయి.”

ఆవిడ అద్దాలు తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. రెండు నెలల కిందటే వాటిని వదులు చేసింది. కాడలు ఆవిడ వంచిన చోటే ఉన్నాయి. ఆ తరవాత ఆయన ముఖం చూసింది. ఇరవై రెండేళ్లుగా రోజూ చూస్తున్న ముఖం. కళ్ల కింద ఉబ్బు. చెంపలు నీళ్లు పట్టినట్టున్నాయి.

“అద్దాలు బాగానే ఉన్నాయండీ. మీ ముఖమే పెరిగింది” అంది.

“ఒళ్లు చేశానేమోలే.”

“తినేది కోడిపిల్ల తిన్నంత. ఒళ్లెలా చేస్తారు? రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

“లైబ్రరీ పని అవ్వనీ. వెళ్దాం.”

లైబ్రరీ పని ఊళ్లోని పెద్ద గ్రంథాలయంలోది. అక్కడ పేపర్లు చదువుకునే హాలు చాలా ఎత్తు. సీలింగు చుట్టూ పాతకాలపు సున్నపు పూలంచు. దాన్ని పగుళ్లు పూడ్చి, లప్పం పెట్టి, రుద్ది, రంగులెయ్యాలి. హాలును సగం సగం చేసి, ఒక పక్క పని జరుగుతుంటే ఇంకో పక్క చదువుకునేవాళ్లను కూర్చోబెట్టేవారు. లైబ్రేరియన్ ఒక పొడుగాటి ఆవిడ. సుత్తి చప్పుడైనా ఏమీ అనేది కాదు గాని, మేస్త్రీ కూనిరాగం తీస్తే మాత్రం పెదాల మీద వేలు పెట్టేది.

పని మొదలై మూడో వారం. ఓ ఉదయం మేస్త్రీ తొమ్మిదో మెట్టు మీద నిలబడి పూలంచు కింద గీత తీస్తున్నాడు. సగం గోడ అయింది. కుడి తొడలో ఏదో పురితిప్పినట్టయింది. కాలు మార్చుకుందామనుకున్నాడు. రెండో కాలి పిక్క కూడా పట్టేసింది. చేతులు చూస్తే దించడానికి లేదు, ఎత్తడానికి లేదు. కుంచె జారి కింద పరిచిన పట్టా మీద పడింది. కిందికి చూశాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయనకు ఎత్తు అంటే భయమేసింది.

“ఒరేయ్” అన్నాడు. కిందికి వినపడలేదు. మళ్లీ అన్నాడు. “ఒరేయ్, నిదానం.”

నిదానం వచ్చాడు. కంగారుపడలేదు, కేక పెట్టలేదు. నిచ్చెన కాళ్లు తడిమి చూశాడు. ఆ క్షణంలో కూడా చూశాడు. అప్పుడు ఎక్కి, బావ వెనకాలే నిలబడి, తన రెండు చేతులూ ఆయనకు అటూ ఇటూ వేసి నిచ్చెన పట్టుకున్నాడు.

“బావా, నా ఛాతీ మీద ఆనుకో. బరువంతా వెయ్యి. కుడి కాలు నేను దించుతా, నువ్వు ఊరికే వదులు చెయ్యి.”

“రావట్లేదురా.”

“వస్తుంది. తొందరేం లేదు. మనకేమన్నా రైలుందా?”

ఒక్కో మెట్టూ దిగడానికి ఒక్కో నిమిషం పట్టింది. ఒక చేత్తో నిచ్చెనను ఉడుంపట్టు పట్టి, రెండో చేత్తో బావ మడమ పట్టుకుని కింది మెట్టు మీద పెట్టేవాడు నిదానం. చదువుకునేవాళ్లు పేపర్లు దించి చూశారు. లైబ్రేరియన్ తన కుర్చీ తనే మోసుకొచ్చి నిచ్చెన పక్కన వేసింది. నేల మీద కాలు ఆనగానే మేస్త్రీ ఆ కుర్చీలో కూలబడి, ఎవరూ అడక్కముందే, “మెట్టుకు రంగంటింది, జారింది” అన్నాడు. మెట్టు శుభ్రంగా ఉందని అందరికీ కనపడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే భార్య ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది. అడగలేదు, తీసుకెళ్లిందంతే.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఆయన చెప్పింది విన్నాక, భార్య చెప్పింది ఇంకా శ్రద్ధగా విన్నది. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. ఆయన లేవబోయాడు. సగం దాకా వచ్చి మళ్లీ కూర్చుండిపోయాడు. మంచం మీద మోకాళ్ల మీద నిలబడమని, పాదాలు అంచుకు వేలాడదీసి, మడమ వెనక నరం మీద చిన్న రబ్బరు సుత్తితో కొట్టింది. పాదం ఎగిరింది. ఎగిరి వెంటనే దిగాలి కదా, దిగలేదు. ఆఫీసుల్లో తమంతట తామే మూసుకునే తలుపుల్లా, మెల్లమెల్లగా వెనక్కి వచ్చింది.

“మీ పాదం భలే తాపీగా ఉందండీ” అంది డాక్టరు. రక్తపరీక్షలు రాసింది.

రెండు రోజులకు ఫలితాలొచ్చాయి. థైరాయిడ్ గ్రంథి బాగా మందగించిందని తేలింది.

“ఒంట్లో ప్రతి అవయవానికీ ఎంత వేగంగా పనిచెయ్యాలో చెప్పేది ఈ గ్రంథే” అని గొంతు దగ్గర చూపించింది డాక్టరు. “అంటే మీ లోపల ఉన్న మేస్త్రీ అన్నమాట. ఆ మేస్త్రీ పని తగ్గించేశాడు. అందుకే చలి, నిద్ర, ఆ గొంతు, ఆ ఉబ్బు. కండలక్కూడా అదే దెబ్బ. కండలు దెబ్బతింటే రక్తంలోకి ఒక పదార్థం కారుతుంది. మీకది ఉండాల్సిన దానికి ఆరు రెట్లుంది.”

“మందు ఉందా అమ్మా?”

“ఉంది. రోజుకొక చిన్న బిళ్ల. పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. గంట దాకా కాఫీ కూడా తాగొద్దు. ఆరు వారాలకు మళ్లీ రక్తం చూద్దాం. ఒకటి గుర్తుంచుకోండి. రక్తం ముందు బాగుపడుతుంది, కండలు ఆ తరవాతెప్పుడో బాగుపడతాయి. నెలలు పట్టొచ్చు. ఆ నొప్పి బిళ్లలు మాత్రం ఇవాళే ఆపెయ్యండి.”

మేస్త్రీ చెవికి ఆరు వారాలన్న ముక్క ఒక్కటే చేరింది. మిగిలిందంతా భార్య చెవికి చేరింది.

మందు మొదలుపెట్టిన మూడో వారానికి ఆయనకు తెరిపినిచ్చింది. మధ్యాహ్నపు కునుకు తగ్గింది. గొంతులో గరగర తగ్గింది. స్వెట్టరు తీసి దండెం మీద పడేశాడు. భుజాలు నొప్పిగానే ఉన్నాయి గాని, మనసు మాత్రం ఉరకలు వేసింది. ఇన్నాళ్లూ నిదానం ఒక్కడే లైబ్రరీకి వెళ్తున్నాడు. పొడుగాటి కర్రకు రోలరు తగిలించుకుని, కింద నిలబడే సీలింగంతా వేస్తున్నాడని విని మేస్త్రీకి ఒళ్లు మండింది. ఆ కర్ర రోలరంటే ఆయనకు మొదట్నుంచీ గిట్టదు. బూజు దులిపినట్టు రంగేస్తారా ఎవరైనా అనేవాడు.

ఒకరోజు నిదానం ఇంకో ఊరికి సామాను తేవడానికి వెళ్లాడు. భార్య దుకాణానికి వెళ్లేదాకా ఆగి, మేస్త్రీ తిన్నగా లైబ్రరీకి వెళ్లాడు. నిచ్చెన ఎక్కనని తనకు తానే మాటిచ్చుకున్నాడు. అక్కడ నిచ్చెన లేదు, చక్రాల పరంజా ఉంది. పరంజా ఎక్కనని ఎవరికీ మాటివ్వలేదు. ఎక్కాడు. అయిదు గంటలు చెయ్యి దించలేదు. మిగిలిన మూల మొత్తం పూర్తిచేసి, ఇంటికొచ్చి, స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాడు. పళ్లు తోముకునే బ్రష్షు నోటిదాకా రాలేదు. భుజాలూ తొడలూ ఎవరో రోకటితో దంచినట్టున్నాయి. ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్లడానికి నిదానమూ భార్యా చెరో రెక్కా పట్టుకోవాల్సి వచ్చింది. రక్తంలో ఆ పదార్థం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

“తడి ఆరని గోడ మీద రంగేస్తారా మీరు?” అని అడిగింది.

“వెయ్యనమ్మా.”

“ఎందుకు?”

“పొట్టులా లేచిపోతుంది.”

“మరి?”

నీళ్లు బాగా తాగమని, మూత్రం రంగు ముదిరితే వెంటనే రమ్మని, వారం రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోమని, ఆ తరవాత కసరత్తులు నేర్పే మనిషి దగ్గరికి వెళ్లమని పంపించింది.

విశ్రాంతి వారం ముగిశాక ఇంట్లో కూర్చోలేక ఆయన మెల్లగా నడుచుకుంటూ లైబ్రరీకి వెళ్లాడు. ఈసారి పేపరు చదువుకోవడానికే. నిదానం లోపలి గదుల్లో తలుపులు రుద్దుతున్నాడు. లైబ్రేరియన్ వచ్చి పక్కన కూర్చుని ఆరోగ్యం అడిగింది. మాటల్లో మాటగా అంది: “మీ ఇద్దరూ పని పంచుకునే తీరు నాకు భలే నచ్చిందండీ. పొద్దున మీరు గీసేవారు. మధ్యాహ్నం మీరు అలా పడుకోగానే ఆయన అన్నం మానుకుని ఎక్కి, మీ గీత వెంబడే ఇంకోసారి దిద్దుకుంటూ వచ్చేవాడు. రెండు చేతుల పని కాబట్టే అంత తిన్నగా వచ్చింది.”

మేస్త్రీకి తల తీసేసినట్టయింది. పేపరు మడతపెట్టాడు. తలెత్తి సీలింగు అంచు చూశాడు. దారం లాగినట్టే ఉంది. అందులో తనదెంతో, ఎంత కాదో చెప్పడం ఆయన వల్ల కాలేదు.

లోపలి గదికి వెళ్లాడు.

“ఎప్పట్నుంచిరా?”

నిదానం చేతిలో ఉప్పుకాగితం ఆగింది. దేని గురించో అడగలేదు.

“చలికాలం నుంచి బావా.”

“చలికాలమంటే ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు నా పని దిద్దుతున్నావా? నాకు చెప్పకుండా?”

“ఏమని చెప్పను? గీత వంకరపోయింది బావా అననా? నాకు కుంచె పట్టడం నేర్పింది నువ్వు. నోరెలా వస్తుంది?”

మేస్త్రీ వెనుదిరిగాడు. రెండు రోజులు బావమరిదితో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూర్చున్నా పళ్లేన్నే చూసేవాడు. మూడో రోజు భార్య విషయం రాబట్టింది. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

“మీకు నొప్పి ఉంటే దాచారు” అంది భర్తతో. తమ్ముడి వైపు తిరిగి, “నీకు తెలిసీ నువ్వు దాచావు. ఒక్కరైనా నా చెవిన వేశారా? మీ ఇద్దరి మర్యాదల మధ్య మనిషి నిచ్చెన మీంచి పడి చచ్చేవాడు. అప్పుడు ఆ గీత చూసుకుని నేను మురిసిపోవాల్సింది” అంది.

ఆవిడ గొంతు పెంచలేదు. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. లేచి వెళ్లి మరుగుతున్న పాలు దించింది.

“నేను అక్కకు చెప్పాల్సింది” అన్నాడు నిదానం.

“నేను నీకు చెప్పాల్సింది” అన్నాడు మేస్త్రీ. అంతే. ఆ మాట అనడానికి ఆయనకు నిచ్చెన దిగినంత కష్టమైంది.

ఆరు వారాలకు మళ్లీ రక్తం తీశారు. అంకె తగ్గింది గాని, తగ్గాల్సినంత తగ్గలేదు. బిళ్ల మానేస్తున్నారా అని డాక్టరు అడిగితే మేస్త్రీ ఒట్టేసినంత పనిచేశాడు. ఆ కిటుకు కూడా చివరికి భార్యకే దొరికింది. మర్నాడు పొద్దున వంటగది గుమ్మంలో నిలబడి గమనించింది. ఆయన లేచి, నీళ్లతో బిళ్ల వేసుకుని, వెంటనే కడుపుమంట మందు సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు.

“అదేంటండీ?”

“పరగడుపున మందేసుకుంటే మంటొస్తుందేమోనని. ఇది మందు కాదుగా, మంట తగ్గేది.”

డాక్టరుకు ఫోను చేసి అడిగితే, ఆ సీసా మందు బిళ్లను కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వదని, రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలని చెప్పింది. నొప్పి బిళ్లలు మానేశాక కడుపులో మంట ఎటూ తగ్గిపోయింది. సీసా తాగడం అలవాటుగా మిగిలిందంతే. భార్య సీసా తీసి బీరువా పైన పెట్టింది. ఆయన చెయ్యి అంత ఎత్తు లేవదని ఆవిడకు తెలుసు.

కసరత్తులు నేర్పే మనిషి రిటైరైన ఆటల మాస్టారిలా ఉండేవాడు. తెల్లటి బూట్లు, మెడలో ఈల ఒక్కటే తక్కువ. ఆయన గదిలో పెద్ద యంత్రాలుంటాయనుకుని వెళ్లిన మేస్త్రీకి ఒక కుర్చీ, ఒక గోడ కనిపించాయి.

“కుర్చీలోంచి లేవండి, కూర్చోండి. అయిదుసార్లు. చేతులు ఆనించొద్దు.”

“ఇదీ ఒక కసరత్తేనా మాస్టారూ?”

“చేసి చెప్పండి.”

మూడోసారికే మేస్త్రీ తొడలు వణికాయి. మాస్టారు కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచాడు. అప్పుడు అయిదూ అయ్యాయి. తరవాత గోడకు ఎదురుగా నిలబెట్టి, చేతివేళ్లతో గోడ మీద పైపైకి పాకమన్నాడు. ముప్పై ఏళ్లు గోడలతో కాపురం చేసిన మనిషికి భుజం ఎత్తు దాటి వేళ్లు పాకలేదు.

“ఇక్కడాపండి. రేపు ఒక వేలు మందం పైకి. ఎల్లుండి పోకపోతే పోకపోనీ.” మాస్టారు వేడినీళ్ల సంచి భుజం మీద వేస్తూ అసలు సంగతి చెప్పాడు. “నొప్పి రెండు రకాలు. పనిచేశాక వచ్చి, సాయంత్రానికి సర్దుకుంటే అది మంచిది, కండ మేలుకుంటోందని అర్థం. మర్నాటి దాకా నిలబడిపోతే నిన్న ఎక్కువ చేశారన్నమాట. అప్పుడు సగం చెయ్యండి. పూర్తిగా మానకండి, పట్టుదలకూ పోకండి.”

ఇంటికొచ్చి పడగ్గది గోడ మీద పెన్సిల్‌తో ఒక చిన్న గీటు పెట్టుకున్నాడు. రోజూ పొద్దున పది నిమిషాలు వేడి కాపడం, ఆ తరవాత కుర్చీ, ఆ తరవాత గోడ. కొన్ని రోజులు గీటు కదిలేది కాదు. ఒక వారం ఏకంగా కిందికి దిగింది. అంతకుముందు రోజు బట్టల బకెట్టు మోసినందుకు అది శిక్ష. ఇన్నాళ్లూ నొప్పి అంటే ఆయనకు ఒకటే ముద్ద. ఇప్పుడు దాన్ని విడదీసి చూడటం అలవాటైంది. బరువుగా లాగే నొప్పి వేరు, పిక్క పట్టేసే నొప్పి వేరు, మంటలా పాకే నొప్పి వేరు. పిక్క పట్టేస్తే పాదం ముందుకు వంచి మెల్లగా సాగదీసేవాడు. మంటొస్తే చేస్తున్నది ఆపేసేవాడు. రంగుల్లో ఒకే తెలుపులో పది తెలుపులు చూడగల కన్ను ఆయనది. ఒంటి విషయంలో ఇంత కాలం ఎందుకు గుడ్డివాడయ్యాడో ఆయనకే ఆశ్చర్యమేసింది.

మూడో నెలలో డాక్టరు పూటపనికి ఒప్పుకుంది. నడుముకు పైన పని వద్దంది. అప్పుడు వాళ్లకు ఒక సంగీతపాఠశాల పని దొరికింది. నిదానం పైన, మేస్త్రీ కింద. తలుపులు, కిటికీల కింద గోడ, నేల వెంబడి పట్టీ, రంగులు కలపడం ఆయన వంతు. పీట మీద కూర్చుని పనిచేసేవాడు. గంట కూడా తిరక్కుండానే పైనుంచి కేక వచ్చేది.

“బావా, ఆపి కూర్చో.”

“కూర్చునే ఉన్నాను కదరా.”

“అది పని కూర్చోడం. ఉత్త కూర్చోడం కూర్చో.”

పక్క గదిలో వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఒకే స్వరాన్ని పట్టుకుని పొద్దస్తమానం రాపాడించేవారు. ఆ ఉత్త కూర్చోడాల్లో మేస్త్రీ తలెత్తి బావమరిది పనిని చూసేవాడు. ముప్పై ఏళ్లూ సీలింగును మూరెడు దూరం నుంచి చూశాడు తప్ప, ఇంట్లో ఉండేవాళ్లు చూసినట్టు కింద కూర్చుని ఎప్పుడూ చూడలేదు. కర్ర రోలరు మొదటి చారకు రెండోది ఎక్కడ అతికిందో ఎంత వెతికినా కనపడలేదు. మూల నుంచి కిటికీ వైపు, వెలుతురు వచ్చే దారి వెంబడే లాగుతున్నాడు నిదానం. అది మేస్త్రీ నేర్పింది కాదు.

“అది ఎక్కడ నేర్చుకున్నావురా?”

“నువ్వు నిద్రపోయేటప్పుడు” అన్నాడు నిదానం. అనేసి నాలిక కరుచుకున్నాడు. మేస్త్రీ ఒక్క క్షణం ఆగి, పగలబడి నవ్వాడు. నవ్వితే పక్కటెముకల కండలు నొప్పెట్టాయి, అయినా నవ్వాడు. పక్క గదిలో వయొలిన్లు కూడా ఆగాయి.

అంచు గీత మాత్రం నిదానానికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. మునుపైతే మేస్త్రీ కుంచె లాక్కుని తనే గీసేసేవాడు. ఇప్పుడు చెయ్యి అంత ఎత్తు లేవదు కాబట్టి, మాటల్లో చెప్పాల్సి వచ్చింది. చెప్పాలంటే ముందు తనేం చేస్తాడో తనకు తెలియాలి. ఒక పాత చెక్క పలకను మోకాళ్ల మీద పెట్టుకుని, కుంచె ఆనించి, తన చేతినే తను గమనించుకున్నాడు.

“మణికట్టు కదపకు. మోచెయ్యి కూడా కాదు. నడుము నుంచి ఒళ్లంతా కదలాలి, చెయ్యి ఊరికే ఉండాలి” అని పిలిచి చెప్పాడు. “ఇంకోటి. ఊపిరి బిగబట్టకు. నువ్వు బిగబడుతున్నావు. వదులుతూ లాగు.”

“ఈ ముక్క పదేళ్ల కిందట చెప్పుంటే?”

“పదేళ్ల కిందట నాకు తెలిస్తే కదరా!”

అయిదో నెల చివర డాక్టరు ఆయన్ని మళ్లీ చేతులు కట్టుకుని లేవమంది. లేచాడు. ఇంకోసారి లేచాడు. చెప్పకపోయినా మూడోసారి కూడా లేచాడు. రక్తంలో అంకెలన్నీ దారికొచ్చాయి. బిళ్ల మాత్రం జీవితాంతం వేసుకోవాలని, ఏడాదికోసారైనా రక్తం చూపించుకోవాలని చెప్పింది. “కండలు పూర్తిగా తేరుకోడానికి ఇంకొంచెం టైం ఇవ్వండి” అంది. ఈసారి ఆ మాట ఆయన చెవికే ముందు చేరింది.

కొన్ని పొద్దులు పిక్క ఇప్పటికీ పట్టేస్తుంది. చలి రోజుల్లో భుజాలు మూలుగుతాయి. అప్పుడాయన దగ్గుతో కప్పడు. “ఇవాళ భుజం బాగాలేదు” అని పైకే చెప్తాడు. భార్య వేడినీళ్ల సంచి అందిస్తుంది. నిదానం పని సర్దుకుంటాడు. ఇంట్లో ఇదొక పెద్ద విషయంగా ఎవరూ చూడరు.

ఆరో నెలలో ఒక ఇంట్లో సామాన్ల గది పని వచ్చింది. చిన్న గది, తక్కువ ఎత్తు సీలింగు. మేస్త్రీ మూడు మెట్ల స్టూలెక్కి, కుంచె ముంచి, చెయ్యి పైకెత్తాడు. లేచింది. ఊపిరి వదులుతూ లాగాడు. ఒక పక్క గీత పూర్తయింది. రెండో పక్క సగానికి వచ్చేసరికి భుజంలో బరువు తెలిసింది. ఇంకో రెండు మూరలే మిగిలాయి. గీత వంక చూశాడు, భుజం మాట విన్నాడు, స్టూలు దిగాడు.

“ఇక్కణ్ణుంచి నువ్వు లాగు” అని కుంచె బావమరిదికిచ్చాడు.

నిదానం అందుకున్నాడు. అతుకు పడే చోట ఒక్క క్షణం ఆగి, బావ గీతలోకి తన గీత కలిపాడు. మేస్త్రీ గుమ్మంలో పీట వేసుకుని ఉత్తగా కూర్చుని చూశాడు.

అప్పుడే ఫోను మోగింది. ఎవరో పెద్దాయన, కొత్త ఇల్లట, సీలింగు పని ఉందట.

“మేస్త్రీగారితో మాట్లాడాలండీ.”

“ఏ మేస్త్రీ అండీ?” అన్నాడు మేస్త్రీ, కాళ్లు చాపుకుంటూ. “ఇక్కడ ఇద్దరున్నాం. పైన ఒకడు, కింద ఒకడు. మీరు సీలింగంటున్నారు కాబట్టి పైవాడికిస్తాను. కాకపోతే కాసేపు ఆగండి, గీత మధ్యలో ఉన్నాడు.”